పిప్పి

మొలకెత్తిన ఎర్రజొన్న ఉడికి, వడకట్టాక
బుట్టలో మిగిలేది పిప్పి.
గావాలో ఇన్నాళ్లూ అది పందుల పండగ.

ఇని పాలే దోలో కాస్తుంది, ఊరంతా తాగే జొన్నబీరు.
వాళ్లమ్మా కాచింది, ఆమె అమ్మా కాచింది.
ఆ ఇంటి ఆడవాళ్ల కళ్లు ఎప్పుడూ ఎర్రనే,
తాగి కాదు, పొగకి.

వారానికి రెండు బండ్ల కట్టెలు
సన్‌సాన్ గాడిద లాక్కొచ్చేది.
మొదట్లో ఊరి చివర్నించి,
తర్వాత వాగు అవతల్నించి,
ఆఖరికి ఎక్కణ్ణించో చెప్పడం మానేశాడు.

ఈ ఏడు పెరట్లో గొయ్యి తవ్వారు.
పిప్పి, నీళ్లు, కాస్త పేడ,
పైన బోర్లించిన రేకు గుమ్మటం.
నలభై రోజులు కంపు తప్ప ఏమీ పుట్టలేదు.
పక్కింటామె తిట్టిపోసింది.
పందులు దడి దగ్గర అలిగి నిలబడ్డాయి.

ఆ మర్నాడు
గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీస్తే
చిన్న నీలి నాలుక,
ఏదో అడగబోయి ఆగినట్టు.

జొన్నని జొన్నే ఉడికిస్తోందని ఎవరో నవ్వారు.
ఇని నవ్వలేదు.
కుండ పక్కన అరచెయ్యి పెట్టి చూసింది,
పిల్లకి జ్వరం చూసినట్టు.

సాయంత్రం సన్‌సాన్ వచ్చాడు, ఖాళీ బండితో.
సొరబుర్రలో రెండు గుక్కలు తాగి
"పొగ రుచి లేదు" అన్నాడు.
"రేపట్నించి పక్కవాడల పిప్పి మోసుకురా" అందామె.
"గాడిదకి కూలి వేరే."
"ఇస్తాలే, పిప్పే."

వెళ్తూ వెళ్తూ
బండి అడుగున చిక్కుకున్న కట్టె ఒకటి పీకి
గోడకి ఆనించి పోయాడు.
ఇంకా అక్కడే ఉంది.
రాత్రిళ్లు దానిమీద ఓ కోడి పడుకుంటుంది.