రాత్రి షిఫ్టు దిగినంక

గోదావరిఖని చౌరస్తాల పొద్దుగాల ఆరున్నర.
ఛాయ్ గ్లాసుల మీద బొగ్గు వేళ్ల ముద్రలు.
రెండేండ్ల సంది తెగని పంచాయితీ:
ఏ అంతరిక్షం సినిమా పెద్దది?

అంకూస్‌ది ఓడ సినిమా.
"మున్నూరేండ్లు పండుకోని లేస్తరు రా,
లేశినంక ఒక్కడు సుత గడియారం సూడడు!
గదీ డైరెక్షనంటే."

ఓదెలు ఒప్పుకోడు.
ఆయనకు చంద్రుని మీది మరమనిషే గావాలె.
ఆఖరికి బ్యాటరీ అయిపోతాంటె
తన చెయ్యి తనే పట్టుకుంటది సూడు, గా సీను.
అది చెప్పేటప్పుడు ప్రతిసారి
గ్లాసు కింద వెడ్తడు.

గ్రాఫిక్సుకు ఇన్ని మార్కులు, కథకు ఇన్ని.
డబ్బింగుకు ఇద్దరూ సున్నానే ఏశిండ్రు:
"ఏ గ్రహపోడైనా గుంటూరు మాటే మాట్లాడ్తడేందిరా?
ఒక్కడన్న మనోడు లేడా ఆకాశంల?"

నన్నడిగిండ్రు.
పేరు సుత యాదికి లేదు నాకు.
హెల్మెట్ల ఊపిరి చప్పుడు తప్ప
తెర మీద ఏం లేని నలభై సెకండ్లు,
గంతే యాదికున్నది.
సౌండు వోయిందనుకోని హాల్ల ఎవడో ఈలేశిండు.
సౌండు వోలే.
పోయిన వానకాలం, నాలుగో సీమ్‌ల రూఫ్ వడ్డప్పుడు,
టోపీ లైటు సుత ఆరినంక
గదే చప్పుడు విన్న.
నాదో, పక్కోనిదో తెల్వలే.

పక్కోడు ఓదెలే.
గ్లాసు కింద వెట్టిండు.

"సరే గని," అన్నడు అంకూస్ బీడీ ముట్టిచ్చుకుంట,
"గా సినిమాల ఓడ ఉన్నదా, లేదా?"