ఏడు ఆవర్తాల పని

ఒస్ట్రావాలో మంచు కూడా కాస్త మసిగానే పడుతుంది.
ట్రామ్ దిగి, ట్రాంబోన్ పెట్టెను భుజానేసుకుని
హాలు వెనక తలుపులోంచి దూరతాను.
ఇవాళ క్రెయ్సా రెండో సింఫనీ.
ఎవరా క్రెయ్సా అని మీరు సిగ్గుపడక్కర్లేదు,
ఆయన పేరున్న సందులో ఉండేవాళ్ళకే తెలీదు.

నలభై నిమిషాల సింఫనీలో
మా ముగ్గురికీ ఉన్నది ఏడే ఏడు ఆవర్తాలు.
అవీ చిట్టచివర.
కొండను తవ్వి ఎలుకను పట్టడమంటాడు
పక్క కుర్చీలో మిలోటా.
వాళ్ళ నాన్న నిజంగానే తవ్వాడు, ముప్ఫై ఏళ్ళు, బొగ్గు.
కింద ఎలుక కనిపిస్తే సంతోషమేనట,
ఇంకా గాలి ఉందన్నమాట.

అందుకని లెక్కపెడతాను.
వయొలిన్లు ప్రేమించుకుంటాయి, పోట్లాడుకుంటాయి,
ఒబోకి ఏదో గుర్తొస్తుంది,
నేను మాత్రం నూట పన్నెండు, నూట పదమూడు,
కోటు లోపల మౌత్‌పీసును
పిట్టగుడ్డులా పొదుగుతూ.
చల్లబడితే స్వరం పగులుతుంది.

నా కాగితం మీద నా ముందువాళ్ళ పెన్సిలు రాతలు.
ముప్ఫై ఒకటి, జనవరి: "పొయ్యి ఆరింది. పెదవులు నావి కావు."
యాభై ఏడు: "ఫ్లూటు అమ్మాయిని చూడకు. లెక్క!"
దాని కిందే, ఇంకో పెన్సిలుతో, అదే చెయ్యి:
"చూశాను. తప్పాను. పెళ్ళయింది."
ఆ తర్వాత అరవై ఏళ్ళు ఖాళీ.
ఒక మూల ఎవరో కొరికారు,
మిలోటా వాళ్ళ నాన్న స్నేహితులే అయ్యుంటారు.

ఏడు ఆవర్తాల నెత్తిన క్రెయ్సా రాసిన మాట:
"కిటికీ అద్దం మీద ఊపిరిలా."
ఇత్తడికి చెప్పాల్సిన మాటేనా అది!
ఇత్తడంటే జనానికి ఊరేగింపు, యుద్ధం, సర్కసు.
గట్టిగా ఊదడం ఎవడికైనా వచ్చు.
స్వరం పుట్టీ పుట్టని ఆ అంచు మీద నిలబడాలంటే
పొత్తికడుపుతో తలుపు పట్టుకోవాలి, కిర్రుమనకుండా,
రాత్రి షిఫ్టు దిగినవాడెవడో
లోపల నిద్రపోతున్నట్టు.

వచ్చేసింది.
మిలోటా కనుబొమ్మ ఎత్తాడు.
ముగ్గురం ఒకే గాలి పీల్చి
చెల్లోల పాట కాళ్ళ కింద
నేల పరిచాం.
నాలుగో ఆవర్తంలో నా స్వరం వెంట్రుకవాసి వణికింది.
కండక్టరుకి తెలీదు. మిలోటాకి తెలుసు.

చప్పట్ల మధ్య వంగి నీటి మీట నొక్కాను.
నా ఊపిరి చల్లారి మిగిలినది
చెక్క మీద, అరచెంచాడు.

కోట్ల గది దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.
"చివర్లో ఆ చెల్లోలు! ఎవరో వెనకనుంచి
దుప్పటి కప్పినట్టుంది బాబూ."
ఆ దుప్పటి మాది అనబోయి
"అవునండీ, బాగా వాయించారు" అన్నాను.

తిరిగొచ్చి కాగితం మీద రాశాను:
"మంచు. నాలుగోది వణికింది. చెల్లోలనుకున్నారు."
లైబ్రరీ స్వాతవా కాగితాలన్నీ దొంతి పెట్టి
తాడు చుడుతోంది.
ముడి మరీ బిగించకు, అన్నాను.