చెవుల పత్తి

హన్మకొండ గ్రౌండ్ల గిటార్లు మొదలైనంక
నా గుండె నాది కాదనిపించింది.
స్పీకర్ల పక్కపొంటి దొరికింది జాగ,
మూడొందల టికెట్‌కు అదే ఎక్కువ.

ఐలోని అంగీ జేబు తడిమి
ఇంత పత్తి తీసిండు.
ఎనుమాముల యార్డుల పొద్దంత బోరాలు మోసినోడు,
అది జేబుల ఎప్పుడు జొచ్చిందో ఆయినకే తెల్వదు.
గింజ గిల్లి పారేసి ఉండ జేసి
నా చెవులల్ల పెట్టిండు,
ఇగంల మా అవ్వ పెట్టినట్టు.

"మరి నీకు?" అన్న.
ఇనపడలే. నవ్విండు.

పాట ఏ భాషదో!
జుట్టు ఇరబోసుకున్న పిలగాడు
ఎవలో సచ్చిపోయినట్టు పాడుతుండు.
వేల ఫోన్ల లైట్లు లేచినయ్.
ఐలోని ఫోన్ల చార్జింగ్ లేదు,
ఉత్త చెయ్యే లేపిండు.
కొక్కెం గుచ్చుకున్న బొటనేలికి
తెల్ల గుడ్డ పీలిక.

తెల్లారి
నా కుప్ప కాడ వేలం.
సేట్ల నోర్లు కదులుతున్నయ్, అంతే.
చెవులల్ల ఇంకా రాత్రే మోగుతుంది.

క్వింటాలుకు ఎంతనట? సైగ జేసిన.

కాంటా పక్కన నిలబడి
ఐలోని
రెండు చేతులతోటి
గాలిల డ్రమ్ములు కొట్టిండు.