కొలతల పుస్తకం

బోయిగూడ కట్టెల డిపోల నడుమ
మా దుకాణం షట్టరు పూర్తిగా దించం.
మోకాలెత్తున వదిలేస్తాం,
రాత్రి రెండింటికి వచ్చినవాళ్లు
వంగి పిలవడానికి.

తాత తండ్రి జకరయ్య
కంటోన్మెంటులో దొరల సామానుకు పెట్టెలు కొట్టేవాడట.
ప్లేగు ఏడాది ఒక సార్జెంటు భార్య పోతే
పింగాణీ పెట్టెనే పొడుగు చేసి ఇచ్చాడు.
లోపలి గడ్డి తీయడం మరిచిపోయాడు.
దొర చేత్తో నొక్కి చూసి
ఉండనీ, మెత్తగా ఉంది, అన్నాడట.
అదీ మా వ్యాపారం మొదలు.
నానమ్మ చెప్పినప్పుడల్లా
ఒకసారి పింగాణీ పెట్టె, ఒకసారి పియానో పెట్టె.
గడ్డి మాత్రం మారేది కాదు.

నానమ్మ పేరు సుగుణరత్నం.
లోపలి గుడ్డ ఆమే కుట్టేది,
తెల్ల సాటిన్, అంచుకు కుచ్చులు.
జనరల్ బజార్‌లో తాను విప్పుతూ
"పెండ్లి గౌనుకా అమ్మా?" అనేవాడు కొట్టువాడు.
"ఔ" అనేది.
గజానికి పావలా తగ్గించేవాడు.
మిగిలిన పేలికలు నాకు రిబ్బన్లు.
బడి మొత్తంలో అంత మెరిసే జడలు ఎవరికీ లేవు.
గుడ్డ ఎక్కడిదని అడిగితే
నవ్వి ఊరుకునేదాన్ని.

నాన్న తీతుకు టేపు అక్కర్లేదు.
ఒక్క చూపు, అంగుళం తప్పేది కాదు.
అందుకే పెళ్లిళ్లలో ఆయన పక్కన
ఎవరూ ఎక్కువసేపు నిలబడేవాళ్లు కాదు.
పాస్టరు గారైతే
కుర్చీ వేయించుకున్నాకే పలకరించేవారు.

ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉంది.
పేరు, పొడుగు, భుజాలు, కట్టె, బాకీ.
లాలాగూడ ఇంజను డ్రైవరు నతానియేలు,
ఐదూ తొమ్మిది, టేకు, ముప్పై రూపాయలు రావాలి.
మెట్టుగూడ నర్సు ఎస్తేరు రాణి,
ఐదూ ఒకటి, మామిడి, ముందే ఇచ్చింది.
పేరు తెలియదు, స్టేషను ప్లాట్‌ఫారం,
ఐదూ నాలుగు, మామిడి.
బాకీ గడిలో నాన్న రాత:
మనమే.

మూడడుగుల లోపు వాటికి
ధర గడి తాత ఖాళీగా వదిలాడు.
నాన్నా వదిలాడు.
ఆ పెట్టెలు అటక మీద ఉండేవి.
పని లేని మధ్యాహ్నాలు తాత వాటిని దించి
మళ్లీ చిత్రిక పట్టేవాడు,
పడుతూ పోతే ఎప్పటికైనా
ఏ బిడ్డకూ సరిపోనంత
చిన్నవైపోతాయన్నట్టు.

జబ్బు వచ్చిన ఆ రెండేళ్లు
ఎవరూ కొలత చెప్పలేదు.
ఫోనులో ఒక అంకె చెప్పేవాళ్లు.
ఆరు. పదకొండు.
అన్నీ ఒకటే సైజు, అన్నీ ప్లైవుడ్డే.
ఆ పేజీల్లో పొడుగు గడి నిండా గీతలే.
పక్క డిపో మొహియుద్దీన్ సాబ్
రాత్రుళ్లు రంపం నడిపించి పలకలు పంపాడు.
"హిసాబ్ బాద్ మే దేఖేంగే బేటీ."
తర్వాత ఆయనే పోయాడు.
వాళ్లకు పెట్టె ఉండదు.
గోతిలో మట్టి మీద పడకుండా
అడ్డం పెట్టే పలకలు మేం కోశాం,
తొమ్మిది, మంచి టేకువి.
అయినా ఆయన బాకీ తీరలేదు.
పుస్తకంలో ఆ పేరు కింద
ఇంకా గీత కొట్టలేదు.

పోయిన శ్రావణంలో
నాన్నను కొలవాల్సి వచ్చింది.
నాకు ఆయన కన్ను రాలేదు.
టేపు పట్టాను.
ఐదూ ఏడు.
బతికినన్నాళ్లూ ఎనిమిదని చెప్పుకున్న మనిషి.
పుస్తకంలో ఎనిమిదనే రాశాను,
పెట్టే ఆ లెక్కనే కొట్టాను.
నానమ్మ ట్రంకులో మిగిలిన సాటిన్ పరిచి
పాదాల దగ్గర మిగిలిన అంగుళంలో
గడ్డి కూరాను.

మేకులు ఏరుకుంటుంటే
షట్టరు కింద ఎవరో వంగారు.
"ఉన్నరా?"
"ఉన్నం," అన్నాను,
"రండి, తల జాగ్రత్త."