ఇరవై ఏడో నంబరు వాటా

తార్తు నగరంలో మార్చి నెల.
ఎమాయోగి నది మీద మంచు పెళ్ళలు విరిగి
ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.
నా సంచిలో ముప్పై రెండు గడుల పట్టిక,
కొలిచే యంత్రం, పెన్సిలు, ఒక చేతితొడుగు.
రెండోది బస్సులో పోయింది.

ఐదంతస్తుల పాత ఇటుక మేడ ఇది.
రెండేళ్ళ కిందట దీనికి జానెడు మందాన కోటు తొడిగారు,
నెత్తిన సోలార్ పలకలు పరిచారు,
గదికో చెవి, గొట్టానికో నాడి అమర్చి
ఇకనుంచి నువ్వు తెలివైనదానివి అన్నారు.
ఆ తెలివి ఎంతో తేల్చడం నా ఉద్యోగం.

నగరానికి లెక్క కావాలి.
చదరపు మీటరుకు ఎంత వేడి, మనిషికి ఎన్ని నీళ్ళు.
మేడ బాగుంటే వీధి బాగున్నట్టు,
వీధులు బాగుంటే ఊరు పదికాలాలు నిలిచినట్టు,
అలా మెట్టు మెట్టూ ఎక్కుతుంది మా కూడిక.

మూడో నంబరులో కుర్రాడు సెన్సర్‌కి సాక్సు తొడిగాడు,
రెప్ప వెయ్యకుండా చూస్తోందట.
పన్నెండులో ఆవిడ,
‘చలో కాదో నా మోకాళ్ళను అడగండి, గోడనెందుకు?’ అంది.
అర మార్కు తగ్గించాలి. ఎవరికో తెలియక
పెన్సిలు కొస కొరికాను.

మేడ మొత్తానికి మొదటి స్థానం ఇరవై ఏడుది.
అక్టోబరు నుంచి వేడినీళ్ళు సగానికి సగం,
కరెంటు మూడో వంతు తగ్గింది.
పడకగదిలో రాత్రి గాలి ఏటి ఒడ్డున ఉన్నంత తేట.
గోడ మీది తెరలో పచ్చటి ఆకు, పక్కన నవ్వు మొహం.
‘రహస్యం కనుక్కుని రా, నివేదిక మొదటి పేజీలో వేద్దాం’
అని మా పెద్దాయన సందేశం.

హెల్దుర్ తలుపు తీశాడు.
ఒకప్పుడు ఈ మేడకే బాయిలర్ మనిషట.
గోళ్ళ అంచుల్లో బొగ్గు ఇంకా ఉందో, నాకే అలా తోచిందో.
రై రొట్టె కోశాడు,
జామ్ సీసా మూత నాచేత తీయించాడు.
‘ఇంత పొదుపు ఎలా చేశారు?’

జామ్‌ని అంచులదాకా పూస్తూ
‘వైకె పోయింది కదా, అక్టోబరు తొమ్మిదిన’ అన్నాడు,
బస్సు వేళ చెప్పినంత మామూలుగా.
‘సాయంత్రం తొట్టి స్నానం ఆవిడదే.
రాత్రి రెండింటిదాకా దీపమూ అల్లికా ఆవిడవే.
గాలి కూడా...’
తెర మీద వేలితో రోజుల్ని వెనక్కి జరిపాడు.
తెల్లారేదాకా ఎక్కుతూ పోయే గీత.
‘ఇది ఇద్దరం.’
ఇంకో చోట, సగం ఎత్తుకే చదునైన గీత.
‘ఇది నేను.’

రెంటికీ మధ్య ఒక రాత్రి మీద వేలు ఆపాడు.
‘దీనికి నాకన్నా ముందే తెలుసమ్మాయ్.
నేను ఆరింటికి లేచాను.
మూడున్నర నుంచే గాలి శుభ్రపడుతోంది.’

రొట్టె నా నోట్లో అలాగే ఉండిపోయింది.

‘మేడను తిట్టడం లేదు’ అన్నాడు తనే.
‘బొగ్గు పొగ నా చేత్తోనే ఊదాను ఈ ఇళ్ళకి.
ఆవిడ దగ్గుకి గాజు తలుపులు అదిరేవి.
చివరి రెండు చలికాలాలు దగ్గకుండా పడుకుంది. అది రాసుకో.
ఆకు ఉండనీ.
ఆ నవ్వు మొహం ఒక్కటీ తీసెయ్యగలవా?’

తీసే అధికారం నాకు లేదు.
పట్టిక అటూ ఇటూ తిప్పాను.
నాలుగో గడి: నివాసుల సంఖ్య, రెండు.
ఎవరూ మార్చలేదు.
ఒకటి అని వేశాను.
మనిషికి ఇంత అని యంత్రం మళ్ళీ భాగించింది.
అదే గది, అదే వేడి, ఇప్పుడు ఒక్కడి ఖాతాలో.
ఇరవై ఏడు పంతొమ్మిదో స్థానానికి జారింది,
తెర మీద నోరు అడ్డగీత అయింది.

హెల్దుర్ కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు.
‘ఆఁ’ అన్నాడు. ‘ఇప్పుడు లెక్క కుదిరింది.’

మొదటి పేజీకి ఏం రాయాలో పెద్దాయనకి ఇంకా చెప్పలేదు.
ఇరవై ఎనిమిది తలుపు తట్టాను.
లోపల ఎవరో దగ్గారు.
దానికి గడి లేదు.
పట్టిక అంచున, చిన్న అక్షరాలతో రాసుకున్నాను.