ఒకటి, నాలుగు, రెండు, మూడు

హకోదాతె చేపల మార్కెట్టులో రాత్రి ఒంటిగంట.
వేలంపాటకి ఇంకా మూడున్నర గంటలు.
పెన్‌డ్రైవ్ మీంచి లేపిన పాత సర్వరు
హీటరు కంటే వేడిగా ఊదుతోంది.
దాని పక్కనే ముడుచుకుని కూర్చున్నాను.

తెర మీద అదే వాక్యం, మూడేళ్లుగా చూస్తున్నదే:
పార్టిషన్లు డిస్కు వరుసలో లేవు.

తప్పని అనదు. సరిచెయ్యమనీ అనదు.
పంటిలో ఇరుక్కున్న ఎండు స్క్విడ్ పీచు.
నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది.

నాకు ముందు ఇక్కడ పనిచేసిన ఒనోదెరా
ఏదో గడ్డురాత్రి, చోటు చాలక,
ఒకటికీ రెండుకీ మధ్య మిగిలిన సందులో
నాలుగోదాన్ని ఇరికించి పోయాడు.
పుట్టిన వరుస ఒకటి, కూర్చున్న వరుస ఇంకొకటి.

"ఇందులో వింతేముంది?" అన్నాడు కావలి కాసే తొగాషి,
థర్మాస్ మూతలో నాకు బార్లీ టీ పోస్తూ.
ముప్పై ఒక్కేళ్లు ఉత్తరాలు పంచిన మనిషి.
"మా కొండవాలు పేటలో
ఏ ఇల్లు ముందు లేస్తే దానికి ముందు నంబరు.
రెండు పక్కన పదిహేడు,
పదిహేడు వెనక మెట్లెక్కితే ఐదు.
కొత్త కుర్రాళ్లు మంచులో నిలబడి ఏడ్చేవాళ్లు."
"మరి మీరు?"
"నేను నంబర్లు చూస్తేగా!"

ముందు పాత టేబుల్‌కి ఒక నకలు తీసి పెట్టుకున్నాను.
ఎఫ్‌డిస్క్‌లో ఎక్స్ నొక్కాను, నిపుణుల గది తలుపు.
తర్వాత ఎఫ్.
అంతే, ఒక్క అక్షరం.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఒక్క బైటు కదల్లేదు.
పదకొండేళ్ల పీతల ధరలు,
ఇప్పుడు లేని పడవల పేర్లు
ఉన్నచోటే ఉన్నాయి.
తలుపుల మీది పలకలే మారాయి.
డబ్ల్యూ నొక్కేదాకా అదీ ఉత్తుత్తిదే.

"ఓసారి మునిసిపాలిటీ మా నంబర్లన్నీ సరిచేసింది" అన్నాడు
టీ ఊదుకుంటూ.
"ఆ చలికాలమంతా
ఐదో ఇంటావిడకి ఎవరి పెన్షనో వచ్చేది.
ఆవిడది ఎవరికో."

నా వేలు ఆగిపోయింది.
ఏది ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలులో
ధరల పుస్తకానికి ఒనోదెరా రాసింది 'మూడు'. వట్టి మూడు.
ఇప్పుడది నాలుగు.
నాలుగున్నరకి గంట మోగగానే
యంత్రం పక్కింటి తలుపు తట్టేది.

ప్రతిదానికీ పుట్టుకతో ఒక పేరుంటుంది,
అక్షరాలూ అంకెలూ కలిపి ముప్పై రెండు,
నోరు తిరగదు, ఎవరూ పిలవరు,
ఎక్కడ కూర్చోబెట్టినా మారదు.
డబ్ల్యూ నొక్కి, ఆ పేర్లు ఒక్కొక్కటే ఎక్కించాను.
తొగాషి కళ్లద్దాలు నుదుటికి తోసి
"ఏడు, సి, సున్నా, బి..." అని సరిచూశాడు
తడిసిన కవరు మీద చిరునామా చదివినట్టు.

సర్వరు లేచింది. బయట ఐసు బండ్లు వస్తున్నాయి.
ఆ వాక్యం లేదు.

ఒనోదెరా ఆ రాత్రి ఎంత తొందరలో ఉన్నాడో
చెప్పే గుర్తు అదొక్కటే.
నకలున్న పెన్‌డ్రైవ్ చెరపకుండా సొరుగులో వేశాను.
నాలుక ఇంకా అక్కడికే పోతోంది.