నాలుగో పేజీ, పదకొండో ప్రశ్న

ఎంబరారా ఊరి చివర, అరటితోటల వాలులో
రేకుల కప్పు కింద మూడు గదుల హాస్పిస్.
మార్కులు వేయడానికి కంపాలా నుంచి బస్సు దిగాను.
సంచిలో ఇరవై ఆరు పేజీల ఫారం,
రెండు పెన్నులు. ఒకటి మొరాయిస్తుంది.

మొదటి పేజీ తేలిక.
మందుల బీరువాకి తాళం ఉందా? ఉంది.
తాళంచెవి? నర్సు తుముసీమె మెడలో,
శిలువతో పాటు ఒకే దారానికి.
సబ్బు? ఉంది, అరిగి అరిగి నాణెమంత.
పచ్చరంగు మార్ఫిన్ పాత నీళ్ళసీసాల్లో,
ప్రతి సీసా మీదా చేత్తో రాసిన పేరు.

మార్చి నెల రిజిస్టర్లో పదకొండు రోజులు ఎర్రసిరా.
"మందు లేదు."
కింద మనుషుల పేర్లు, పేరు పేరు పక్కనా
ఆ రాత్రి వాళ్ళు చూపించిన వేళ్ళు:
నాలుగు. అయిదు. అయిదు. అయిదు.
నొప్పి లేకపోతే పిడికిలి,
ఓర్చుకోలేకపోతే అరచెయ్యంతా.
ఇక్కడి తూకం అది.

ఇంత వివరంగా ఎందుకు రాశారు అన్నాను,
మార్కులు పోతాయి కదా.
ఆమె నన్ను కాక కిటికీని చూస్తూ
"వాళ్ళు చెయ్యి దాచుకోలేదు మరి" అంది.

మల్లెపువ్వులాంటి రిజిస్టర్లు చాలా చూశాను.
తొంభై దాటి వేశాను వాటికి, నా చేత్తోనే.

మధ్యాహ్నం మోటారు సైకిల్ వెనక కూర్చుని
కొబుసింగ్యె ఇంటికి వెళ్ళాను.
భర్త సైకిళ్ళు బాగుచేసేవాడు,
గోడకి ఇంకా మూడు చక్రాలు వేలాడుతున్నాయి.
"మంగళవారం ఆలస్యంగా వచ్చారు. రాసుకో."
రాసుకున్నాను.
"ఆ పిల్ల నేను వండిన చిక్కుడుగింజలు ముట్టలేదు,
టైం లేదంది. అదీ రాసుకో."
దానికి గడి లేదు. అంచు మీద రాశాను.
"ఆయన పోయాక శనివారం మళ్ళీ వచ్చింది.
మిగిలిన సీసా కోసమే అనుకున్నా.
కూర్చుంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.
పోతూ పోతూ సీసా కూడా పట్టుకెళ్ళింది,
లెక్క ఉంటుందట."
నవ్విందా, ఏడ్చిందా?
చక్రం ఒకటి గాలికి కొంచెం తిరిగింది.

ఇక నాలుగో పేజీ, పదకొండో ప్రశ్న.
రాత్రి ఫోన్ ఎంతసేపటికి ఎత్తుతారు?
చెప్పకుండా చేసి చూడాలని నియమం.

లాడ్జి మంచం మీద, రెండూ పది.
నాలుగో రింగుకి ఒక గొంతు.
హలో లేదు, సంస్థ పేరు లేదు.
"నొప్పి ఎవరికి?"

మామయ్యకి అని చెప్పాలనుకున్నాను.
అబద్ధం కంపాలాలోనే తయారు చేసుకుని వచ్చాను.
నోరు పెగల్లేదు.

"మాట రాకపోతే గోటితో ఫోన్ మీద కొట్టండి.
ఎన్ని వేళ్ళయితే అన్నిసార్లు."

కొట్టాను.
రెండుసార్లు.
రెండే ఎందుకో నాకు తెలియదు.

"రెండు. సరే. రెండంటే కూర్చోగలరు.
నేనూ కూర్చుంటాను."

తర్వాత మాటల్లేవు.
ఆవలి వైపు కప్పలు, ఎవరో పిల్లాడి దగ్గు,
కుర్చీ కిర్రుమన్న చప్పుడు.
కొండల మీద వాన ఎటు పోవాలో తేల్చుకోలేక ఆగినట్టు
ఆ నిశ్శబ్దం.

ఇరవై మూడో నిమిషంలో గుర్తొచ్చింది:
ఈ లైను నేను పట్టుకున్నంతసేపూ
ఏ గుడిసెలో ఎవరు అయిదు వేళ్ళూ చాచారో!

పొద్దున టీ ఇస్తూ తుముసీమె
నా గోళ్ళ వైపు చూసిందో లేదో చెప్పలేను.
చక్కెర రెండు చెంచాలు వేసింది, అడక్కుండానే.

ఫారం నింపాను.
ఎత్తడానికి పట్టిన సమయం: నాలుగు రింగులు.
ముందుగా పెట్టేసింది ఎవరు?
ఆ గడి దగ్గరే మంచి పెన్ను కూడా మొరాయించింది.
విదిలించి, గట్టిగా నొక్కి,
రాశాను:

నేను.